మైకేల్ ఫారడే

మైకేల్ ఫారడే (సెప్టెంబర్ 22, 1791 - ఆగష్టు 25, 1867) సుప్రసిద్ధ ఆంగ్ల భౌతిక, రసాయన శాస్త్రవేత్త. విద్యుదయస్కాంత ప్రేరణను కనుగొన్న వానిగా ఇతని పేరు పాఠశాల విద్యార్థులందరికీ పరిచితమే. విద్యుజ్జనకం, ట్రాన్స్‌ఫార్మర్ ఆ సూత్రం మీదనే పనిచేస్తాయి. అయితే ఫారడే తొలుత రసాయన శాస్త్రవేత్త. పరిశ్రమలలో ద్రావణిగాను, ముడిసరుకుగాను విస్తారంగా వాడుకలోకి వచ్చిన బెంజీన్ అనే ద్రవాన్ని 1825లో మొదటిసారి వేరుచేసినది ఇతడే. తేలికగా అంటుకునే వాయువులతోను, ద్రవాలతోను, పేలుడు పదార్థాలతోను ఇతడు జీవితంలో చాలా భాగం గడిపాడు. గనులలో జరిగే పేలుళ్ళకు కారణాలను పరిశోధించాడు. ఈ వ్యాసంలో ఫారడే జీవితంతోపాటు ఆ కృషికి, బెంజీన్ వంటి ద్రావణుల ప్రమాదాలకు ప్రాధాన్యం ఇవ్వబడింది. విద్యుత్తుకు సంబంధించిన పరిశోధనలు క్లుప్తంగా ప్రస్తావించబడ్డాయి.

బాల్యం

ఫారడే లండన్ శివారు ప్రాంతమైన న్యూవింగ్టన్ బట్స్‌లో జన్మించాడు. తండ్రి జేమ్స్ ఫారడే కమ్మరి. తల్లి మార్గరెట్. నలుగురు సంతానంలో ఇతడు మూడవవాడు. తండ్రి తరచు అనారోగ్యం పాలవడం వలన కుటుంబం పేదరికంలో మగ్గింది. ధాన్యం ధరలు మండిపోయిన 1801లో బాలుడైన మైకేల్‌కు వారానికి ఒక్క రొట్టె మాత్రమే దక్కేదని చెబుతారు. చదవడం, రాయడం, కొద్దిపాటి లెక్కలు తప్ప ఇతడు బడిలో నేర్చుకున్నది లేదు. ఉన్నత గణితం జీవితాంతం ఇతనికి అందని విద్యగానే మిగిలిపోయింది. ఆ లోటును ప్రయోగ నైపుణ్యంతోను, సూక్ష్మ పరిశీలనతోను పూరించుకున్నాడు.

ఫారడే కుటుంబం శాండెమేనియన్ అనే చిన్న క్రైస్తవ శాఖకు చెందినది. నిరాడంబరత, సంపదపై అనాసక్తి ఆ శాఖవారి ప్రధాన నియమాలు. ఈ నియమాల ప్రభావం ఫారడే జీవితమంతటా కనిపిస్తుంది.

పుస్తకాల అంగడిలో

ఇంటి పరిస్థితి వలన ఫారడే చిన్నతనంలోనే జార్జ్ రీబో అనే పుస్తక విక్రేత వద్ద పనికి కుదిరాడు. మొదట వార్తాపత్రికలను ఇంటింటికీ చేరవేసేవాడు. 1805 నుండి ఏడు సంవత్సరాలు అక్కడనే పుస్తకాలకు అట్టలు కట్టే పని నేర్చుకున్నాడు. అట్ట కట్టడానికి వచ్చిన పుస్తకాలను చదవడం ఇతనికి అలవాటైంది. విజ్ఞాన సర్వస్వంలోని విద్యుత్తు అనే వ్యాసం, జేన్ మార్సెట్ అనే రచయిత్రి రసాయన శాస్త్రంపై సంభాషణల రూపంలో రాసిన పుస్తకం ఇతనిని బాగా ఆకర్షించాయి. చదివినదానిని స్వయంగా చేసి చూడనిదే నమ్మరాదనే పట్టుదల ఇతనికి అప్పుడే ఏర్పడింది. చేతిలో ఉన్న కొద్దిపాటి డబ్బుతో సీసాలు, రసాయనాలు కొని ప్రయోగాలు చేసేవాడు.

1812లో అంగడికి వచ్చే ఒక ఖాతాదారు, రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో హంఫ్రీ డేవీ ఇచ్చే ఉపన్యాసాలకు ఇతనికి టిక్కెట్లు ఇచ్చాడు. ఫారడే నాలుగు ఉపన్యాసాలు విని, వాటిని బొమ్మలతో సహా శుభ్రంగా రాసి, తానే అట్టకట్టి డేవీకి పంపాడు. తనకు విజ్ఞాన రంగంలో ఏదైనా పని ఇప్పించమని వేడుకున్నాడు.

డేవీ సహాయకునిగా

ఫారడేకు ప్రయోగశాలలో ప్రవేశం దొరకడానికి ఒక ప్రమాదం కారణమైంది. 1812 అక్టోబర్‌లో నైట్రోజన్ ట్రైక్లోరైడ్ అనే పేలుడు పదార్థంపై ప్రయోగం చేస్తుండగా డేవీ కంటికి గాయమైంది. రాతపనికి సహాయకుడు అవసరమై, కొద్దిరోజులపాటు ఫారడేను పిలిపించుకున్నాడు. తరువాత ప్రయోగశాల సహాయకుడొకడు గొడవపడి ఉద్యోగం పోగొట్టుకోగా, 1813 మార్చి 1న ఆ స్థానంలో ఫారడే నియమితుడయ్యాడు. కొద్దిపాటి జీతంతోపాటు మేడ మీద రెండు గదులు, వంటచెరకు, కొవ్వొత్తులు ఇచ్చారు.

ఉద్యోగంలో చేరిన కొద్ది వారాలకే, అదే పదార్థంతో పనిచేస్తుండగా గాజు గొట్టం ఫారడే చేతిలోనే పేలింది. ఒక గోరు కొంత ఊడిపోయింది. ముఖానికి గాజు ముసుగు ఉండడం వలన పెద్ద ప్రమాదం తప్పింది. 1823లో క్లోరిన్ వాయువును ఒత్తిడితో ద్రవంగా మార్చే ప్రయోగాలలో గాజు గొట్టం పగిలి పెంకులు ఇతని కంటిలోకి దూసుకుపోయాయి. ప్రమాదాన్ని ఫారడే దేహంతోనే చవిచూశాడు. అయితే ప్రతి పేలుడు తరువాత అది ఎందుకు జరిగింది, ఏ పరిస్థితిలో జరిగింది అని విచారించి రాసిపెట్టుకోవడం ఇతని ప్రత్యేకత.

1813 అక్టోబర్ నుండి 1815 ఏప్రిల్ వరకు ఫారడే డేవీ దంపతులతోపాటు ఫ్రాన్సు, ఇటలీ మొదలైన దేశాలలో పర్యటించాడు. డేవీ సేవకుడు ప్రయాణానికి నిరాకరించగా ఆ పనులు కూడా ఇతని నెత్తిన పడ్డాయి. డేవీ భార్య ఇతనిని సేవకునిగానే చూసేది. అవమానాలు ఎదురైనా, ఐరోపాలోని గొప్ప శాస్త్రవేత్తలను చూసే అవకాశం ఈ పర్యటనలో కలిగింది. ఇటలీలో పియెత్రా మాలా అనే చోట నేలలోనుండి వెలువడి మండే వాయువును డేవీ, ఫారడే సేకరించి పరీక్షించారు.

గనుల రక్షణ దీపం

బొగ్గు గనులలో మీథేన్ ప్రధానంగా ఉండే వాయువు పోగుపడుతుంది. ఆ కాలంలో గని కార్మికులు కొవ్వొత్తులతో, తెరచిన దీపాలతో పనిచేసేవారు. 1812 మే 25న ఇంగ్లండులోని ఫెల్లింగ్ గనిలో జరిగిన పేలుడులో 92 మంది మరణించారు. దీనికి పరిష్కారం చూడమని డేవీని కోరగా, 1815 చివరి నెలలలో అతడు రక్షణ దీపాన్ని రూపొందించాడు. ఈ ప్రయోగాలలో ఫారడే సహాయకుడు.

దీపం చుట్టూ సన్నని తీగలతో అల్లిన వల ఉంటుంది. లోహపు తీగలు మంట వేడిని త్వరగా పీల్చి వెదజల్లుతాయి. అందువలన వల అవతల ఉన్న వాయువు అంటుకునేంత ఉష్ణోగ్రతకు చేరదు, మంట బయటకు పాకదు. మంట అంటుకోవడానికి వాయువు, గాలి ఉంటే చాలదనీ, వాటి పాళ్ళు, ఉష్ణోగ్రత కూడా కుదరాలనీ ఈ పనిలో ఫారడేకు ప్రత్యక్షంగా తెలిసింది.

బెంజీన్ ఆవిష్కరణ

1825లో ఫారడే రాయల్ ఇన్‌స్టిట్యూషన్ ప్రయోగశాలకు సంచాలకుడయ్యాడు. అదే సంవత్సరం బెంజీన్‌ను కనుగొన్నాడు.

ఆనాడు లండనులో ఒక కంపెనీ చేపనూనె వంటి నూనెలను ఎర్రగా కాలిన కొలిమిలో పంపి, దీపాలకు వాడే వాయువును తయారుచేసేది. ఆ వాయువును వాతావరణ పీడనానికి సుమారు 30 రెట్ల ఒత్తిడితో లోహపు పాత్రలలో నింపి ఇళ్ళకు సరఫరా చేసేవారు. ఒత్తిడి వలన పాత్రల అడుగున ఒక ద్రవం చేరేది. కంపెనీకి అది పనికిరాని మడ్డి. ఫారడే దానిని తెప్పించుకుని పరీక్షించాడు.

ఆ ద్రవం అనేక పదార్థాల మిశ్రమం. వేడిచేస్తే ముందు తేలికైనవి, తరువాత బరువైనవి ఆవిరి అవుతాయి. ఫారడే ఉష్ణోగ్రత పది ఫారన్‌హీట్ డిగ్రీలు పెరిగినప్పుడల్లా పాత్ర మార్చి ఆయా భాగాలను విడివిడిగా పట్టాడు. ఈ పనిని పదే పదే చేశాడు. ఒక భాగాన్ని మంచు, ఉప్పు మిశ్రమంలో చల్లబరచగా తెల్లని స్ఫటికాలు ఏర్పడ్డాయి. వాటిని మరలో ఒత్తి, మిగిలిన ద్రవాన్ని పిండివేసి, శుద్ధమైన పదార్థాన్ని రాబట్టాడు. ఆరుబయట మంట మీద కాచే పొయ్యిలు, గాజు గొట్టాలు తప్ప మరే సదుపాయం లేని రోజులలో, క్షణంలో అంటుకునే ద్రవంతో ఇంత పని చేయడం సామాన్యం కాదు.

ఈ పదార్థంలో కార్బన్, హైడ్రోజన్ మాత్రమే ఉన్నాయని విశ్లేషించి, దానికి బైకార్బ్యురెట్ ఆఫ్ హైడ్రోజన్ అని పేరుపెట్టాడు. అది ప్రకాశవంతమైన మంటతో, దట్టమైన మసితో మండుతుందని గమనించాడు. దాని ఆవిరి హైడ్రోజన్ కంటే సుమారు 40 రెట్లు బరువని కొలిచాడు. నేటి లెక్క ప్రకారం ఇది 39 రెట్లు. గాలి హైడ్రోజన్ కంటే సుమారు 14 రెట్లు మాత్రమే బరువు. అనగా బెంజీన్ ఆవిరి గాలి కంటే రెండున్నర రెట్లకు మించి బరువైనది. ఈ ఒక్క కొలత వెనుక ఒక పెద్ద హెచ్చరిక దాగి ఉంది. ఒలికిన బెంజీన్ ఆవిరి పైకి పోదు. నేలను అంటిపెట్టుకుని కాలువలలోకి, గుంటలలోకి పారుతుంది.

తన పరిశోధన ఫలితాలను ఫారడే 1825 జూన్ 16న రాయల్ సొసైటీకి నివేదించాడు. అప్పటికి ఆ ద్రవానికి ఎటువంటి ఉపయోగమూ లేదు. 1833 ప్రాంతంలో జర్మన్ శాస్త్రవేత్త మిట్షర్లిష్ సాంబ్రాణి నుండి లభించే బెంజోయిక్ ఆమ్లంతో అదే ద్రవాన్ని తయారుచేశాడు. నేటి పేరు ఆ మార్గంలోనే వచ్చింది.

ప్రయోగశాల పద్ధతులు

1827లో ఫారడే కెమికల్ మానిప్యులేషన్ అనే గ్రంథాన్ని ప్రచురించాడు. ఇది విద్యార్థులకు ప్రయోగాలు చేసే విధానాన్ని నేర్పే పుస్తకం. తూచడం, కొలవడం, వేడిచేయడం, బట్టీ పట్టడం, గాజు గొట్టాలను వంచడం, వాయువులను పట్టి నిలవచేయడం మొదలైన పనులను ఇందులో వివరించాడు. సిద్ధాంతాలు బోధించే పుస్తకాలు ఆనాడు చాలా ఉన్నా, చేతి పనిని ఇంత శ్రద్ధగా బోధించినవి అరుదు. జాగ్రత్త అనేది వేరే అధ్యాయం కాదు, పని సక్రమంగా చేయడంలోనే అది ఇమిడి ఉంటుందనే అవగాహన ఈ గ్రంథమంతటా కనిపిస్తుంది.

విద్యుత్ పరిశోధనలు

1821లో విద్యుత్ ప్రవహించే తీగ అయస్కాంతం చుట్టూ తిరిగేలా చేసి, ఫారడే విద్యుత్ మోటారుకు మూలరూపాన్ని చూపాడు. 1831 ఆగష్టు 29న విద్యుదయస్కాంత ప్రేరణను కనుగొన్నాడు. 1833లో విద్యుద్విశ్లేషణ నియమాలను రూపొందించాడు. ఆనోడ్, కాథోడ్, అయాన్ మొదలైన పదాలు ఇతని రచనల ద్వారానే వ్యాప్తిలోకి వచ్చాయి. 1836లో లోహపు వలతో కప్పిన గదిని నిర్మించి, విద్యుదావేశం లోహపు కవచం వెలుపలి తలంపైనే నిలుస్తుందని నిరూపించాడు. దీనిని ఫారడే పంజరం అంటారు. 1845లో కాంతిపై అయస్కాంత ప్రభావాన్ని చూపాడు. ఇతడు ఊహించిన బలరేఖలకు తరువాతి కాలంలో జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ గణిత రూపం ఇచ్చాడు.

హాస్వెల్ గని విచారణ

1844 సెప్టెంబర్ 28న ఇంగ్లండులోని డర్హమ్ ప్రాంతంలో హాస్వెల్ బొగ్గు గనిలో పేలుడు సంభవించి 95 మంది మరణించారు. వీరిలో బాలురు కూడా ఉన్నారు. విచారణకు ప్రభుత్వం ఫారడేను, భూగర్భ శాస్త్రవేత్త చార్లెస్ లయెల్‌ను పంపింది. ఇద్దరూ గనిలోకి దిగి పరిశీలించారు. ఫారడే సాక్షులను స్వయంగా ప్రశ్నించాడు. గనిలో వెలుగుతున్న కొవ్వొత్తితో కూర్చుని, తుపాకి మందు ఎక్కడ దాస్తారని అడగగా, ఆయన కూర్చున్న సంచిలోనే ఉందని అక్కడివారు చెప్పారట. ఈ సంఘటనను లయెల్ నమోదు చేశాడు. అలవాటైన చోట ప్రమాదం కంటికి ఆనదనడానికి ఇది మంచి ఉదాహరణ.

తవ్వి వదిలేసిన గని భాగాలలో చేరిన వాయువు అంటుకోవడం పేలుడుకు మూలమని వారు తేల్చారు. అంతటితో ఆగక, గనిలోని బొగ్గు ధూళి కూడా మంటను పెంచిందని గుర్తించారు. కాలి పెళుసుబారిన ధూళి గని దుంగలపై పేరుకుని ఉండడం ఇందుకు ఆధారం. వదిలేసిన భాగాలలోని వాయువును బయటకు లాగే ఏర్పాటు చేయాలని సూచించారు. న్యాయవిచారణలో యాజమాన్యం తప్పు లేదని తీర్పు వచ్చింది. ఖర్చు ఎక్కువనే కారణంతో గని యజమానులు ఆ సూచనలను పక్కనపెట్టారు. బొగ్గు ధూళి ప్రమాదాన్ని పరిశ్రమ పూర్తిగా అంగీకరించడానికి అర్ధశతాబ్దానికి పైగా పట్టింది. ఈలోపు 1906లో ఫ్రాన్సులోని కూరియేర్ గనిలో ధూళి పేలుడు వలన 1,099 మంది మరణించారు. నేడు భారతదేశపు గని నిబంధనల ప్రకారం బొగ్గు ధూళిపై మండని రాతిపొడి చల్లడం వంటి చర్యలు తప్పనిసరి.

వ్యక్తిగత జీవితం, చివరి రోజులు

1821 జూన్ 12న ఫారడే సారా బర్నార్డ్‌ను వివాహం చేసుకున్నాడు. వారికి సంతానం లేదు. నైట్ బిరుదును, రాయల్ సొసైటీ అధ్యక్ష పదవిని కాదన్నాడు. 1836 నుండి సముద్ర దీపస్తంభాలకు సాంకేతిక సలహాదారుగా పనిచేశాడు. బాలబాలికల కొరకు క్రిస్మస్ ఉపన్యాసాలను ప్రారంభించాడు. ఆ పరంపర ఇప్పటికీ కొనసాగుతోంది. వాటిలో కొవ్వొత్తి మంటను గురించి చెప్పిన ఆరు ఉపన్యాసాలు 1861లో పుస్తకంగా వెలువడి అనేక భాషలలోకి వెళ్ళాయి. మండేది మైనం కాదు, మైనపు ఆవిరి అని ఫారడే ఆ పిల్లలకు ప్రయోగం చేసి చూపాడు. మండే ద్రవాలన్నింటికీ వర్తించే సూత్రం ఇదే.

1839 తరువాత ఫారడే ఆరోగ్యం దెబ్బతిన్నది. జ్ఞాపకశక్తి క్రమంగా క్షీణించింది. ప్రయోగశాలలో దీర్ఘకాలం పాదరసపు ఆవిరి పీల్చడం కారణం కావచ్చునని కొందరు భావించారు కాని, అది నిరూపితం కాలేదు. 1858లో విక్టోరియా రాణి హాంప్టన్ కోర్టులో ఇతనికి నివాసం కల్పించింది. అక్కడే 1867 ఆగష్టు 25న మరణించాడు. హైగేట్ శ్మశానంలో ఖననం చేశారు.

బెంజీన్ తరువాతి కథ

1845లో ఆగస్ట్ హోఫ్‌మన్ బొగ్గు తారులో బెంజీన్ ఉందని గుర్తించాడు. అతని శిష్యుడు చార్లెస్ మాన్స్‌ఫీల్డ్ తారు నుండి దానిని పెద్ద మొత్తంలో తీసే పద్ధతిని కనిపెట్టాడు. 1855 ఫిబ్రవరిలో పారిస్ ప్రదర్శనకు పంపవలసిన నమూనాలను తయారుచేస్తుండగా బట్టీ పొంగి ద్రవం అంటుకుంది. భవనాన్ని కాపాడాలని మండుతున్న పాత్రను చేతులతో ఎత్తి వీధిలోకి తీసుకువెళ్ళే ప్రయత్నంలో మాన్స్‌ఫీల్డ్ తీవ్రంగా కాలిపోయి కొన్ని రోజులకు మరణించాడు. అప్పటికి అతని వయసు 35 సంవత్సరాలు. ఫారడే ఇంకా జీవించి ఉండగానే, ఫారడే కనుగొన్న ద్రవం ఈ విధంగా ప్రాణం తీసింది.

1865లో కెకూలే బెంజీన్ అణువులో ఆరు కార్బన్ పరమాణువులు వలయంగా ఉంటాయని ప్రతిపాదించాడు. రంగులు, మందులు, ప్లాస్టిక్కులు, పేలుడు పదార్థాల పరిశ్రమలు ఆ వలయం ఆధారంగా పెరిగాయి. నూనెలను, రబ్బరును, మైనాన్ని ఇట్టే కరిగించగలదు కనుక రబ్బరు జిగురులలోను, రంగులలోను, అచ్చు సిరాలలోను బెంజీన్‌ను ద్రావణిగా వాడసాగారు.

అగ్ని ప్రమాదం కంటికి కనిపించేది. రెండవ ప్రమాదం కనిపించనిది. 1897లో స్వీడన్‌కు చెందిన సాంటెస్సన్, ఉప్సాలాలో సైకిల్ టైర్ల కర్మాగారంలో బెంజీన్ ఆవిరి పీల్చిన యువతులకు రక్తం ఉత్పత్తి కావడం ఆగిపోయిందని, కొందరు మరణించారని వెల్లడించాడు. 1928లో ఫ్రాన్సులో బెంజీన్‌కు, రక్త కాన్సరుకు సంబంధం ఉన్న ఉదంతం మొదటిసారి ప్రచురితమైంది. 1970లలో టర్కీ వైద్యుడు అక్సోయ్, చెప్పులు కుట్టే కార్మికులలో జిగురులోని బెంజీన్ వలన రక్త కాన్సరు వస్తున్నదని అనేక మందిని పరీక్షించి చూపాడు. అమెరికాలో పనిచేసే చోట గాలిలో బెంజీన్ పదిలక్షలకు ఒక పాలు మించరాదనే పరిమితి 1987లో గాని ఏర్పడలేదు. మొదటి హెచ్చరికకు, ఆ పరిమితికి మధ్య 90 సంవత్సరాలు గడిచాయి. హాస్వెల్ ధూళి విషయంలో జరిగిన జాప్యమే ఇక్కడా జరిగింది.

మండే ద్రావణులు, జాగ్రత్తలు

ద్రవం తనంతట మండదు. దాని ఆవిరి గాలితో తగిన పాళ్ళలో కలిసినపుడు నిప్పు తగిలితే మండుతుంది. నిప్పు చూపితే అంటుకునేంత ఆవిరి వెలువడే కనీస ఉష్ణోగ్రతను ఫ్లాష్ పాయింట్ అంటారు. బెంజీన్‌కు ఇది సున్నాకు దిగువన 11 డిగ్రీల సెల్సియస్. అనగా మన ప్రాంతంలో ఏ ఋతువులోనైనా, ఏ వేళనైనా తెరచి ఉంచిన బెంజీన్ అంటుకోవడానికి సిద్ధంగా ఉంటుంది. గాలిలో దాని ఆవిరి సుమారు 1.2 శాతం నుండి 8 శాతం వరకు ఉంటే పేలుడు సంభవిస్తుంది. భారతదేశంలో పెట్రోలియం నిబంధనలు 23 డిగ్రీల కంటే తక్కువ ఫ్లాష్ పాయింట్ ఉన్న పెట్రోలియం ద్రవాలను అత్యంత ప్రమాదకరమైన మొదటి తరగతిలో చేర్చాయి.

ఇటువంటి ద్రావణుల విషయంలో పాటించవలసిన ముఖ్యమైన జాగ్రత్తలు:

* పాత్రలను ఎల్లప్పుడూ మూసి ఉంచాలి. అవసరమైనంత మాత్రమే పనిచేసే చోటికి తీసుకురావాలి.
* ఆవిరి బరువైనది కనుక గాలి ప్రసారం నేల మట్టంలో కూడా ఉండాలి. పైకప్పు దగ్గర మాత్రమే పంకా అమర్చడం చాలదు.
* పొయ్యి, బీడీ, వెల్డింగ్, సాధారణ విద్యుత్ స్విచ్చులు దూరంగా ఉండాలి. ఆవిరి చాలా దూరం పాకి అక్కడ నిప్పు తగిలి వెనక్కు మంటగా రాగలదు.
* గొట్టంలో వేగంగా పారే ద్రావణిలో స్థిర విద్యుత్తు పుడుతుంది. ఒక పాత్రలోనుండి మరొక పాత్రలోకి వంపేటపుడు రెండు లోహపు పాత్రలనూ తీగతో కలిపి, భూమికి సంధానం చేయాలి. 
* ఖాళీ డ్రమ్ము నిండు డ్రమ్ము కంటే ప్రమాదకరం. నిండు డ్రమ్ములో గాలికి చోటు తక్కువ. ఖాళీదానిలో ఆవిరి, గాలి రెండూ ఉంటాయి. శుద్ధి చేయని డ్రమ్మును కోయరాదు, వెల్డింగ్ చేయరాదు.
* మంటపై నీటిధార కొట్టరాదు. బెంజీన్, పెట్రోలు, హెక్సేన్ నీటిపై తేలి మంటను వ్యాపింపజేస్తాయి. నురుగు, పొడి రసాయనం, కార్బన్ డయాక్సైడ్ వాడాలి.
* చేతికంటిన రంగును, గ్రీజును ద్రావణితో కడగరాదు. మూతికి కట్టిన గుడ్డ ఆవిరిని ఆపదు.
* ద్రావణి వాసన తెలియడం లేదంటే ప్రమాదం తొలగిందని అర్థం కాదు. కొంతసేపటికి ముక్కు ఆ వాసనకు అలవాటు పడుతుంది.

తెలుగునాట

విశాఖపట్నం ఉక్కు కర్మాగారంలో బొగ్గును కోక్‌గా మార్చేటపుడు బెంజీన్ ఉపఉత్పత్తిగా వెలువడుతుంది. పెట్రోలులో కూడా బెంజీన్ సహజంగా ఉంటుంది. భారత ప్రమాణాల ప్రకారం అది 1 శాతానికి మించరాదు.

రాయలసీమలో మండే ద్రావణి అనగానే చెప్పుకోవలసినది హెక్సేన్. వేరుశనగను గానుగలోనో, మరలోనో ఆడించిన తరువాత కూడా చెక్కలో కొంత నూనె మిగిలిపోతుంది. దానిని సాల్వెంట్ ఎక్స్‌ట్రాక్షన్ కర్మాగారాలలో హెక్సేన్‌తో కరిగించి తీస్తారు. తరువాత వేడిచేసి హెక్సేన్‌ను ఆవిరిగా రాబట్టి, చల్లార్చి తిరిగి వాడతారు. బెంజీన్ వలె కాన్సరు కలిగించదు గాని, హెక్సేన్ ఆవిరిని దీర్ఘకాలం పీలిస్తే కాళ్ళు, చేతుల నరాలు దెబ్బతింటాయి. దాని ఫ్లాష్ పాయింట్ సున్నాకు దిగువన సుమారు 22 డిగ్రీలు. ఆవిరి గాలి కంటే సుమారు మూడు రెట్లు బరువు. అనగా ఫారడే బెంజీన్‌లో కొలిచిన గుణమే ఇక్కడా వర్తిస్తుంది.

కడప జిల్లాలోని బద్వేలు మీదుగా కృష్ణపట్నం ఓడరేవు వైపు నుండి వచ్చే 67వ జాతీయ రహదారి పోతుంది. మండే ద్రవాలను మోసే ట్యాంకరు లారీలపై ప్రమాద సమాచార ఫలకం ఉండాలని మోటారు వాహన నిబంధనలు చెబుతున్నాయి. ఆ ఫలకంపై ఐక్యరాజ్యసమితి నిర్ణయించిన నాలుగంకెల సంఖ్య ఉంటుంది. 1203 అంటే పెట్రోలు, 1114 అంటే బెంజీన్, 1208 అంటే హెక్సేన్. బోల్తాపడిన ట్యాంకరు నుండి కారే ద్రవాన్ని బిందెలతో పట్టుకోబోయి ప్రాణాలు కోల్పోయిన ఉదంతాలు ప్రపంచంలో అనేకం ఉన్నాయి. ఈ సంఖ్యలను దూరం నుండే చదివి అగ్నిమాపక దళానికి 101 నంబరులో తెలియజేయడం విద్యార్థులు కూడా చేయగల పని. బద్వేలు వంటి పట్టణాలలో పెట్రోలు సీసాలలో అమ్మే చిల్లర అంగళ్ళు, పంక్చర్లు వేసేచోట రబ్బరు జిగురు, రంగులు వేసేవారి థిన్నరు డబ్బాలు ఇదే కోవకు చెందుతాయి. వేసవిలో 40 డిగ్రీలు దాటే ఎండలో కిరోసిన్ విషయంలో కూడా ఏమరుపాటు తగదు. కిరోసిన్‌కు ప్రమాణాల ప్రకారం ఉండవలసిన కనీస ఫ్లాష్ పాయింట్ 35 డిగ్రీలు మాత్రమే.

1997 సెప్టెంబర్ 14న విశాఖపట్నం చమురు శుద్ధి కర్మాగారంలో కారిన వంటగ్యాసు నేల వెంట వ్యాపించి అంటుకోవడంతో సుమారు 60 మంది మరణించారు. 2024 ఆగష్టు 21న అనకాపల్లి జిల్లా అచ్యుతాపురంలోని ఒక ఔషధ కర్మాగారంలో ద్రావణి కారి, దాని ఆవిరి పేలిన ఘటనలో 17 మంది మృతిచెందారు. రెండు ఘటనలలోనూ ముందు కారినది ఆవిరి, తరువాత తగిలినది నిప్పు.

విశేషాలు

* విద్యుత్ ధారణశక్తి ప్రమాణానికి ఇతని పేరిట ఫారడ్ అని పేరుపెట్టారు. 96,485 కూలుంబుల విలువను ఫారడే స్థిరాంకం అంటారు.
* 1991 నుండి 2001 వరకు ఇంగ్లండు 20 పౌన్ల నోటుపై ఫారడే చిత్రం ఉండేది.
* 1825లో ఫారడే వేరుచేసిన బెంజీన్ నమూనాను లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో మూతి బిగించిన గాజు గొట్టంలో భద్రపరిచారు. 2025తో ఆ ఆవిష్కరణకు 200 సంవత్సరాలు నిండాయి.